ఆయన తెచ్చిన అభ్రకం

మా ఊళ్ళో అందరూ దాన్ని కాకిబంగారం అనేవాళ్ళు. మా నాయన ఒక్కడే అభ్రకం అనేవాడు. రాతిలో పొరలు పొరలుగా ఉండి, గోటితో చీలిస్తే కాగితంలా లేచి వచ్చే ఆ వస్తువు మా ఇంటి అరుగు మీద ఎప్పుడూ ఓ కుప్ప ఉండేది. నాయన ఉదయగిరిలో వైద్యం చేసేవాడు. నల్ల అభ్రకాన్ని ఆకు పసర్లతో నూరి, బిళ్ళలు చేసి, మట్టి మూకుళ్ళ మధ్య పెట్టి, పిడకల మంటలో కాల్చేవాడు. చల్లారాక మళ్ళీ నూరేవాడు, మళ్ళీ కాల్చేవాడు. అలా ఒకసారి కాల్చడాన్ని పుటం వేయడం అంటారు. పుటాల మీద పుటాలు వేయగా, మెరుపంతా పోయి ఇటుకపొడి రంగు దిగితే మందు సిద్ధమైనట్టు. దగ్గుతో, ఆయాసంతో వచ్చినవాళ్ళకు దాన్ని తేనెలో రంగరించి ఇచ్చేవాడు.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది అవ్వ, నాయనను కన్నతల్లి. నాయనకు కంటిచూపు తగ్గడం మొదలయ్యాక, వైద్యం తాటాకులు చదివి వినిపించడానికి మరొకరు లేక నాకు అక్షరాలు నేర్పాడు. ఆ చదువులోనే ఒకనాడు అడిగాను.

"నాయనా, ఊరంతా కాకిబంగారం అంటుంటే నువ్వేంది అభ్రకం అంటావు?"

"అది జనం పెట్టుకున్న పేరమ్మా. బంగారంలా మెరుస్తాది, బంగారం కాదు. కొరగాని దానికల్లా కాకి పేరు తగిలిస్తారు మనవాళ్ళు. పాపం, కాకేం చేసింది?" అని నవ్వాడు. "అభ్రం అంటే మబ్బు. మబ్బులోంచి వచ్చింది గనక అభ్రకం."

"మబ్బులోంచి రాయి వస్తాదా?"

పూర్వం ఇంద్రుడు వృత్రాసురుడి మీద వజ్రాయుధం విసిరినప్పుడు నిప్పురవ్వలు మబ్బుల్లోకి చిమ్మాయట. అవి ఉరుముతూ కొండల మీద పడ్డాయట. పడ్డచోటల్లా ఈ పొరల రాయి పుట్టిందని వైద్యులు చెప్పుకుంటారని నాయన చెప్పాడు. లోపల బియ్యం చెరుగుతున్న అవ్వ అక్కడినుంచే అందుకుంది.

"ఆ రవ్వలేవో మన దుర్గం మీద పడరాదా? ఆత్మకూరు అవతల పడి చచ్చినాయేంది!"

నిజమే. మా దుర్గం కొండ ఇంటి వెనకే ఉన్నా, నాయనకు కావలసిన రాయి ఆత్మకూరు దాటి, పెన్న దాటి, కలువాయి వైపు మెట్ట చేలల్లోంచి రావాలి. దాన్ని బండి మీద వేసుకుని ఒకాయన వచ్చేవాడు. ఆయనే తర్వాత నన్ను పెళ్ళి చేసుకున్నాడు.

ఆయన ఇల్లు ఆత్మకూరులో, చేను పెన్న అవతల. నాగలి వేస్తే అభ్రకం పలకలు పైకి లేచేవి. పక్క చేలవాళ్ళు వాటిని తిట్టుకుంటూ గట్టు మీదికి విసిరేస్తే, ఆయన ఏరి బస్తాకెత్తుకునేవాడు. సంతకు ఉదయగిరి వచ్చినప్పుడల్లా తెచ్చి మా అరుగు మీద పోసేవాడు. నాయన అన్నం తిని పొమ్మంటే, ఆయన తింటున్నంతసేపూ నాయనను ఏదో ఒకటి అడిగేవాడు. ఈ మందు ఎవరికి ఇస్తారు, ఎందుకు పని చేస్తుంది, చేయకపోతే ఏం చేస్తారు అని. అంత ఓపికగా వినే మనిషి నాయనకు అదివరకు దొరకలేదు. పిల్లనిస్తానని నాయనే అడిగాడు.

ఆత్మకూరు కాపురంలో నేను ఆయనకు చెప్పిన మొదటి కథ ఈ అభ్రం కథే. ఆయనకు అది ఎంత నచ్చిందంటే, ఇక ఆ రాయిని కాకిబంగారం అనడం మానేశాడు. చేనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "అమ్మా, ఈ పూట మన చేలో మబ్బు దొరికింది" అనేవాడు. మా అత్త గబగబా వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చూసేది. తెలిసి కూడా చూసేది. నేను తలుపు వెనక చేరి నవ్వుకునేదాన్ని. సాయంకాలం పెన్న ఇసకలో నడిచి వస్తే ఆయన పాదాలకు సన్నని మెరుపులు అంటుకుని ఉండేవి. వాటిని తుడవబోతే, ఉండనీ, అవే రాలిపోతాయి అనేవాడు.

నాకు నెలలు నిండే ఏడు ధాత నామ సంవత్సరం వచ్చింది. ఆ కరువును ఇప్పటికీ పెద్దవాళ్ళు ధాత కరువు అనే అంటారు. పురిటికి నన్ను ఉదయగిరి తీసుకువచ్చేనాటికి చేలల్లో విత్తనం మొలవనే లేదు. ఆడపిల్ల పుట్టింది. కార్తీకంలో పడాల్సిన ముదర వానలు కూడా పోయాయి. బావుల్లో చేద రాళ్ళకు తగలడం మొదలైంది. జనం బలుసాకు, చింతగింజలు తిని, అవీ అయిపోయాక బాట పట్టారు. మా ఇంట్లో కొర్రలు కొన్ని ఉన్నాయి. అవ్వ తన వంతు గంజి సగం తాగి, ఆకలి లేదని మిగతాది నా వైపు నెట్టేది. పాలిచ్చే తల్లివి, తాగు అనేది.

మాఘమాసం దాటాక ఆయన వచ్చాడు. డొక్కలు ఎగిసిన ఎడ్లతో, బండినిండా అభ్రకంతో వచ్చాడు. నాయన దాన్ని చూసి తెల్లబోయాడు.

"ఇప్పుడిదెందుకు అబ్బయ్యా? పసరు తీద్దామంటే పచ్చటాకు లేదు. పిడకలు చేద్దామంటే గొడ్లు లేవు."

"అత్తగారింటికి వట్టి బండితో ఎట్ట వచ్చేది మామా?" అన్నాడు ఆయన.

మాకేదైనా గింజలు తేవాలని ఉండి, లేక, ఉన్నదాన్ని నింపుకుని వచ్చాడు. నాయనకు ఆ సంగతి అర్థమైంది. ఆయన పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆ పగలంతా అరుగు మీదే కూర్చున్నాడు. పిల్ల ఆయన చూపుడువేలు పట్టుకుని వదిలేది కాదు. ఎడమచేత్తోనే గంజి తాగాడు.

బయల్దేరేముందు నాతో చెప్పాడు. "సముద్రం పక్కన కాలవ తవ్విస్తుండారంట. పోయినోళ్ళకు గింజలు కొలుస్తారంట. మా ఊరోళ్ళు పోతుండారు, నేనూ పోతాను. అమ్మను అనంతసాగరంలో అక్క దగ్గర దించినాను. నువ్వు ఈడే ఉండు."

"ఎప్పుడొస్తారు?"

"వాన పడనీ. పడిన మర్నాడే బయల్దేరతాను."

నేను పిల్లనెత్తుకుని వీధి చివరదాకా వెళ్ళాను. ఆయన బండి ఎక్కకుండా ఎడ్ల పక్కనే నడిచాడు. వాటికి ఆ బరువు కూడా వద్దని.

ఇక నాకు వాన అన్నా ఆయనన్నా ఒకటే అయిపోయింది. మంచి కాలంలో అయితే మా దుర్గం మీద మబ్బు వచ్చి కూర్చుంటుంది. బురుజులు కనబడవు. తలకు తడిగుడ్డ చుట్టుకున్న మనిషిలా ఉంటుంది కొండ. ఆ ఏడు బురుజుల రాళ్ళు కూడా విడివిడిగా కనబడేవి. పొద్దున లేచి ముందు కొండను చూసేదాన్ని, తర్వాత ఆత్మకూరు బాటను చూసేదాన్ని.

మా పక్కింట్లో ఒక బీబీ ఉండేది. మొహరం వచ్చిందంటే ఊరేగింపులో మోసే వెదురు గోపురానికి, అదే తాజియాకు, కాగితపు పని అంతా ఆమెదే. ఆమె భర్త కొలువు వెతుక్కుంటూ హైదరాబాదు వైపు వెళ్ళి, నా చిన్నప్పటినుంచీ తిరిగి రాలేదు. ఆమె అరుగు మీద నా పక్కన కూర్చునేది గాని, ఆయన వస్తాడులే అని ఒక్కసారీ అనలేదు. అందుకే ఆమె పక్కన నాకు ఊపిరాడేది.

ఒక మధ్యాహ్నం ఆమె అరుగు మీద పోసిన రాళ్ళలోంచి ఒక పలక తీసి, ఎండకు అడ్డం పెట్టి చూసింది.

"మంచి అబ్రక్ బేటీ. తాజియా కిటికీలకు ఇంత పెద్ద రేకు నాకెప్పుడూ దొరకలేదు."

లోపలున్న నాయన తల బయట పెట్టాడు. "ఏమన్నావు బీబీ?"

"అబ్రక్. మా అబ్బా అట్లనే అనేవాడు. ఆయనకు ఫార్సీ వచ్చు. అబ్ర్ అంటే మబ్బు అని చెప్పేవాడు."

నాయన బయటికి వచ్చేశాడు. "మాకు అభ్రం, మీకు అబ్ర్! రెండూ మబ్బే! మీరు మా దగ్గర తీసుకున్నారో, మేము మీ దగ్గర తీసుకున్నామో, ఇద్దరికీ ఎక్కడో ఒకే తాత చెప్పి పోయినాడో!" అంటూ నవ్వాడు. ఆ ఏడు నాయన నవ్వడం అదే చూశాను.

బీబీ పలకను కిందపెట్టింది. "పేర్లు రెండుండాయి అన్నా. మబ్బు ఒక్కటీ లేదే" అంది.

ఎండలు ముదిరి ఆషాఢం వచ్చింది. వింజమూరు నుంచి ఒకతన్ని మంచం మీద మోసుకొచ్చారు. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. నాయన దగ్గర పాత మందు ఎప్పుడో అయిపోయింది. ఉన్న కషాయమేదో పోసి అతన్ని వసారాలో పడుకోబెట్టి, కొత్తగా అభ్రకం మందు మొదలుపెడదామనుకున్నాడు. ఏ పసరు దొరికితే ఆ పసరుతోనే చేద్దామన్నాడు. మా ఆయన తెచ్చిన కుప్పలోంచి నల్లటి ముక్క ఒకటి ఏరాడు. ముందు దాన్ని నిప్పులో వేసి పరీక్ష చేయాలి. నేను కుంపటి రాజేశాను.

ముక్క ఎర్రబడింది. పొరలు ఉబ్బాయి. ఉన్నట్టుండి దానిలోంచి బెకమని ఒక చప్పుడు వచ్చింది. కొంచెం ఆగి మళ్ళీ బెకబెకమంది.

లోపల మంచంలో అవ్వ కదిలింది. అప్పటికి ఆమెకు చూపు బొత్తిగా లేదు. లేచి కూర్చుని చాలా రోజులైంది.

"కప్ప!" అంది. "మే, కప్ప అరిచింది! వానొస్తాది!"

అవ్వ గోడ పట్టుకుని లేచి నిలబడింది. "కుండలు తీసి చూరు కింద పెట్టండి! మొదటి నీళ్ళు పోగొట్టుకుంటారా?"

నాయన నా వైపు చూసి తలాడించాడు. నేను కుండలన్నీ తెచ్చి చూరు కింద వరసగా పెట్టాను. కుండ పెట్టిన చప్పుడు విన్నప్పుడల్లా అవ్వ, అది ఎక్కడ పెట్టావని అడిగింది. అది చూసి బీబీ వచ్చింది. కుంపట్లో ఉబ్బిన రాయిని చూసింది, గోడకానుకుని నిలబడ్డ అవ్వ ముఖం చూసింది. ఏమీ అడగకుండా వెళ్ళి, తన వాకిట్లో బోర్లా ఉన్న కుండలు కూడా తిప్పి పెట్టింది. ఎదురింటివాళ్ళు ఎందుకని అడిగారు. ముసలమ్మ కప్ప కూత విన్నదట అని ఎవరో అన్నారు. సాయంత్రానికి మా వీధిలో ప్రతి ఇంటి ముందరా కుండలున్నాయి.

ఆకాశం మాత్రం కంచు పళ్ళెంలా అలాగే ఉంది.

నాయన ఆ ముక్కను పట్టకారుతో తీసి నేల మీద పెట్టాడు. "దీన్ని దర్దురం అంటారమ్మా" అన్నాడు మెల్లగా. "దర్దురం అంటే కప్ప. నిప్పులో వేస్తే పాములా బుస కొట్టేది ఒకటి, పొరలు విడిపోయేది ఒకటి, కప్పలా కూసేది ఇది. ఏ చప్పుడూ చేయకుండా ఉన్నదున్నట్టు ఉంటే దాని పేరు వజ్రం. మందుకు అదే కావాల. ఇది పనికిరాదు, లోపలికి పోతే రోగం తెస్తాది."

ఎండిపోయిన ఎడ్లతో అంత దూరం మోసుకొచ్చిన రాయి అది.

"పారేయాల్నా నాయనా?"

"మందుకు పనికిరాదన్నానమ్మా. పారేయమన్నానా?"

వింజమూరు మనిషిని వాళ్ళవాళ్ళు మర్నాడు తీసుకుపోయారు. తర్వాత ఏమైందో మాకు తెలియలేదు. ఆ మధ్యాహ్నమే అవ్వ మళ్ళీ అడిగింది, కప్ప అరవలేదేమని. నాయన కుంపటి దగ్గరికి వెళ్ళాడు. బొగ్గులు దొరకడమే కష్టంగా ఉన్న రోజులవి. పిడికెడు బొగ్గులు రాజేసి, కుప్పలోంచి ఒక ముక్క తీసి వేశాడు. అది కూయలేదు. ఇంకొకటి వేశాడు. అది కూసింది.

"ఆఁ" అంది అవ్వ. పడుకుంది.

అప్పటినుంచి మధ్యాహ్నం కాగానే నాయన కుంపటి ముందు కూర్చునేవాడు. జీవితమంతా కూయని రాయి కోసం వెతికిన మనిషి, కూసే రాయి కోసం ఒక్కొక్క ముక్కా తట్టి చూసి ఏరేవాడు. నేను విసనకర్రతో విసిరేదాన్ని. లోపల మంచం మీద అవ్వ చెవి ఇటు తిప్పుకుని ఎదురుచూసేది. కూత వినబడగానే, "ఇంకెంతలే, మీ ఆయన మూట కట్టుకుంటుంటాడు" అనేది నాతో. ఉత్తదని తెలిసీ ఆ మాట కోసం చెవి ఒగ్గేదాన్ని. ఒక్కోసారి నేనే, ఇంకా అవ్వ అడగకముందే, నాయనకు కుంపటి తెచ్చి పెట్టేదాన్ని.

శ్రావణంలో అవ్వ పోయింది. నిద్రలోనే పోయింది. కుండలు అప్పటికీ చూరు కిందే ఉన్నాయి.

వాన ఆ తర్వాత వచ్చింది. ముందు దుర్గం మీద ఒక బూడిదరంగు మరక కనబడింది. పగలంతా అది కొండను వదలలేదు. మర్నాడు బురుజులు మాయమయ్యాయి. ఆ సాయంత్రం పడ్డ వాన ఎలా పడిందంటే, జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి వీధిలో నిలబడి తడిశారు. నాయన అరుగు దిగి వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. నేను పిల్లను చూరు కింద పట్టుకుని దాని చెయ్యి నీటిలో పెట్టాను. అది బెదిరి, తర్వాత నవ్వింది. గుంటల్లో ఎక్కడ దాక్కున్నాయో గాని కప్పలు నిజంగానే అరవడం మొదలుపెట్టాయి. నేను లోపలికి వెళ్ళి చెవులు మూసుకున్నాను.

వాన పడిన మర్నాడే బయల్దేరతానన్నాడు కదా. తూర్పునుంచి నడిచి రావడానికి ఎంత పడుతుందో లెక్క వేసుకుని, దాని మీద ఇంకొంత కలుపుకుని, అదీ దాటితే ఏరు పొంగి ఉంటుందని సర్ది చెప్పుకుని, బాట వైపే చూస్తూ కూర్చున్నాను. కాలవ పనికి పోయినవాళ్ళు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా వచ్చారు. ఎవరు కనబడినా ఎదురు వెళ్ళి అడిగాను.

"ఆత్మకూరు మనిషా? అక్కడ చానామంది ఉండారమ్మా" అన్నాడు ఒకతను. "గుడిసెల్లో వాంతులు పట్టుకున్నాయి. కొందరు పోయినారు. కొందరు ఓడెక్కి సముద్రం అవతలి రంగం పోయినారు. ఎవరెవరో నేనేం చెప్పేది?"

నాయన తానే తూర్పుకు వెళ్ళి వెతికి వచ్చాడు. సరిగా కళ్ళు కనబడని మనిషి, కర్ర పట్టుకుని సముద్రందాకా వెళ్ళి వచ్చాడు. ఇంటికి వచ్చి, "పోయినాడని చెప్పినోళ్ళు లేరమ్మా" అని మాత్రం అన్నాడు.

చలికాలంలో మొహరం వచ్చింది. ఊళ్ళో ఈసారి తాజియా ఎత్తాలని అనుకున్నారు. బీబీ వచ్చి అరుగు ముందు నిలబడింది.

"బేటీ, ఆ అబ్రక్ కాస్త ఇస్తావా? వద్దంటే వద్దు."

మిగిలిన కుప్పంతా తీసి ఇచ్చాను. ఇద్దరం కూర్చుని చాకుమొనతో పొరలు విడదీశాం. ఆమె వాటిని వెదురు చట్రాలలో కిటికీల్లా అమర్చింది. పీర్లకు మొక్కుకుంటే జరుగుతుందని మావాళ్ళలోనూ నమ్మకం ఉంది. మొక్కుకో అంది బీబీ. మొక్కుకున్నాను. "నువ్వు మొక్కుకోవా?" అని అడిగాను. "నేను చేతులతో పని చేస్తున్నా గదా" అంది ఆమె.

తాజియాను చెరువులో దించడానికి తీసుకుపోతుంటే నేనూ కట్టమీదికి వెళ్ళాను. ఆ ఏడు చెరువు నిండా నీళ్ళున్నాయి. ముందు కాగితాలు తడిసి వంగాయి. రేకులు కొంచెంసేపు నీటిపైన తేలుతూ పొద్దుటెండలో మెరిసి, ఒకటొకటిగా దిగిపోయాయి. పిల్ల వాటికోసం చేతులు చాచింది.

వేసవి రాకముందే మా అత్త ఆత్మకూరు తిరిగివచ్చి నాకోసం కబురు పెట్టింది. నేను బొట్టు తీయలేదు. ఆమె తీయమనలేదు. ఇద్దరం చేను కౌలుకిచ్చి, గొడ్లను మేమే చూసుకుంటూ బతికాం. నాయన కొన్నేళ్ళకు కన్నుమూశాడు. బీబీ ఇంటికి ఎవరూ తిరిగి రాలేదని విన్నాను.

ఇంకా కొంతకాలానికి కలువాయి వైపు అభ్రకం గనులు తవ్వడం మొదలైంది. గని గుమాస్తా ఒకడు మా చేను చూడడానికి వచ్చి, ఇంగ్లీషు దొరలు దీన్ని మైకా అంటారని చెప్పాడు. ఆ మాటకు అర్థమేంటని అడిగాను. ఆడమనిషి అలా అడిగినందుకు వింతగా చూశాడు గాని, తెలుసుకుని ఇంకోసారి వచ్చినప్పుడు చెప్పాడు. వాళ్ళ పాతభాషలో తునక అనో, రొట్టె విరిస్తే రాలే నలుసు అనో అర్థమట. అది వినగానే నాకు ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. నాయన ఉంటే ఎంత సంబరపడేవాడో. మా ఆయన ఉంటే ఆ రోజునుంచి మబ్బు అనడం మాని ఏమనేవాడో. ఇద్దరూ లేరు. అత్తకు చెప్పాను. ఆమె విని, "నలుసా? తినే నలుసే అయ్యుంటే ఆ ఏడు నా కొడుకు ఊరు దాటేవాడా?" అంది.

మా అమ్మాయికి పెళ్ళి కుదిరిన వారం అది. అత్తకు తల దువ్వుతూ కూర్చున్న పిల్ల, ఏదో ఆలోచిస్తూ నన్నడిగింది.

"అమ్మా, మా నాయన గొంతు ఎట్టుండేది?"

చెప్పబోయాను. ఆయన అన్న మాటలన్నీ గుర్తున్నాయి. ఏ మాట ఎక్కడ నిలబడి అన్నాడో కూడా గుర్తుంది. గొంతు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అంత కాలం అది నాలోనే ఉందనుకున్నాను. పిల్ల నా ముఖం చూసి, అడగకుండా ఉండాల్సిందేమో అన్నట్టు తల దించుకుంది.

మా అత్త మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చుంది. గొంతు సవరించుకుంది. పొద్దుగూకే వేళ చేనినుంచి వస్తూ, వీధి మలుపులో ఎడ్లను అదిలించి కొడుకు ఎలా కేక వేసేవాడో అలా వేసి చూపించింది.

ముసలి గొంతు. పళ్ళు లేని నోరు. అయినా అది ఆయనదే. నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు.